హెచ్‌ఐవీ: ఒకరిలో నెమ్మది, ఇంకొకరిలో దూకుడు ఎందుకు?

సంక్షిప్తంగా: మందులు వాడకపోతే హెచ్‌ఐవీ కొందరిలో రెండు మూడేళ్లకే ఎయిడ్స్‌గా ముదురుతుంది. కొందరిలో ఇరవై ఏళ్లయినా ముదరదు. రక్తంలో వైరస్ మోతాదు మనిషికీ మనిషికీ ఇంత తేడాగా ఉండటంలో దాదాపు నాలుగో వంతు పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర. అందులోనూ సింహభాగం హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువులది. మిగతాది వైరస్ రకం, సోకిన నాటి వయసు, ఒంట్లో ఆగకుండా రగిలే రోగనిరోధక స్పందన, టీబీ, మలేరియా లాంటి తోడు జబ్బులది. చికిత్స సాగినంత కాలం ఈ తేడాలు చాలావరకు మరుగున పడతాయి.

ప్రశ్న పుట్టే చోటు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఒడిశా సరిహద్దు వెంట తెలుగు ఇళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లివి. పని వెతుక్కుంటూ బయటి రాష్ట్రాలకు పోవడం ఇక్కడ తరాలుగా ఉన్నదే. గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు సాగే వలస ఆ జిల్లాను ఒడిశా హెచ్‌ఐవీ లెక్కల్లో ముందు వరుసలో నిలబెట్టింది. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిస్థితి తేలిక కాదు. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ శాతం దేశ సగటు అయిన 0.2కు రెట్టింపు పైనే ఉంది. చుట్టరికాలు రెండు వైపులా, ఆస్పత్రులూ రెండు వైపులా. ఒకే కుటుంబంలో ఒకరు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) సెంటర్లో, ఇంకొకరు శ్రీకాకుళంలోనో విశాఖలోనో మందులు తీసుకునే వీలుంది.

ఇలాంటి ఇళ్లలో రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు గందరగోళం మొదలవుతుంది. భర్త సీడీ4 కౌంట్ (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క) 520, భార్యది 180 అనుకుందాం. ముందు సోకింది అతనికైతే ముదిరింది ఆమెకెందుకు? అతని ఒళ్లు గట్టిదనీ, ఆమె తిండి సరిగా తినదనీ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. వీటన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది: ‘ఫలానా ఆయనకు పదేళ్లుగా ఉంది, ఒక్క మాత్ర కూడా మింగలేదు, నిక్షేపంగా తిరుగుతున్నాడు’. ఆ ఫలానా ఆయన నిజంగానే ఉండొచ్చు. ఆయన ఎందుకలా ఉన్నాడో చెప్పే శాస్త్రం కూడా ఉంది. కానీ ఆయన్ను చూసి ఇంకొకరు మందు మానేయడానికి ఆ శాస్త్రంలో ఆధారం ఏమీ లేదు.

ముందుగా ఒక జాగ్రత్త. సీడీ4 కౌంట్ ఒక్కసారి చూసి ఎవరి ఒళ్లు ఎంత గట్టిదో తేల్చలేం. ఆరోగ్యవంతుల్లో అది 500 నుంచి 1,500 దాకా ఉంటుంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా వస్తుంది. చిన్న జ్వరం వచ్చినా కిందికి జారుతుంది. పైగా వైరస్ ఎవరికి ఎప్పుడు సోకిందో చాలా ఇళ్లలో ఊహే తప్ప తేదీ తెలియదు. ముందు పరీక్ష చేయించుకున్న మనిషికే ముందు సోకిందనుకోవడం సర్వసాధారణం. నిందలు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి.

మొదటి ఆరు నెలలు

ఒంట్లో చేరిన హెచ్‌ఐవీ ప్రధానంగా సీడీ4 టీ కణాల్లోకి దూరి, వాటి చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో మిల్లీలీటరు రక్తంలో వైరస్ సంఖ్య పది లక్షలు దాటడం అరుదేమీ కాదు. ఆ రోజుల్లో జ్వరం, గొంతు నొప్పి, ఒంటిపై దద్దుర్లు రావచ్చు. మలేరియా జ్వరాలు మామూలైపోయిన చోట దాన్ని ఇంకో జ్వరంగానే లెక్కేస్తారు, వారం తిరక్కుండానే మర్చిపోతారు. కానీ అసలు నష్టం రక్తంలో కంటే పేగుల గోడలో ఎక్కువ. అక్కడ కొలువుండే సీడీ4 కణాల్లో అధిక భాగం ఆ కొద్ది వారాల్లోనే తుడిచిపెట్టుకుపోతుంది.

తర్వాత సీడీ8 టీ కణాలు రంగంలోకి దిగుతాయి. వైరస్ పట్టిన కణాలను గుర్తుపట్టి చంపడం వాటి పని. వైరస్ మోతాదు దిగివచ్చి, కొన్ని నెలల్లో ఒక స్థాయి దగ్గర నిలబడుతుంది. దీన్నే సెట్ పాయింట్ అంటారు. కొందరిలో అది కొన్ని వందలు, కొందరిలో లక్షలు. వ్యాధి ఎంత వేగంగా ముదురుతుందో ముందుగా చెప్పగల సూచికల్లో ఇది చాలా బలమైనది. అమెరికాలో 1997లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో, మిల్లీలీటరుకు 500 లోపు వైరస్ ఉన్నవారిలో ఆరేళ్లలో ఎయిడ్స్ దశకు చేరింది సుమారు 5 శాతం మంది. 30,000 దాటినవారిలో 80 శాతం. మందులు లేకపోతే సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దాకా పట్టే కాలం సగటున 8 నుంచి 10 ఏళ్లు అని చెప్పడం వాడుక. ఆ సగటు వెనుక దాగి ఉన్న వెడల్పు ఇంత.

కాబట్టి ‘ఎవరికి ఎందుకు త్వరగా ముదురుతుంది’ అన్న ప్రశ్నను ఇంకాస్త సూటిగా అడగాలి. సెట్ పాయింట్ ఒకరిలో కింద, ఇంకొకరిలో పైన ఎందుకు నిలబడుతుంది? ఒకే సెట్ పాయింట్ ఉన్న ఇద్దరిలో కూడా ఒకరి సీడీ4 కణాలు త్వరగా ఎందుకు తరిగిపోతాయి?

సీసీఆర్5: పేరు ఎక్కువ, మన దగ్గర పాత్ర తక్కువ

జన్యువులూ హెచ్‌ఐవీ అనగానే వార్తల్లో ముందు వినిపించే పేరు సీసీఆర్5. కణంలోకి దూరడానికి వైరస్‌కు సీడీ4 ఒక్కటే చాలదు, కణం మీద సీసీఆర్5 అనే రెండో ప్రొటీన్ కూడా కావాలి. ఈ జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయిన ఒక రూపం ఉందని 1996లో బయటపడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అలాంటివే వచ్చినవారికి సాధారణ హెచ్‌ఐవీ దాదాపుగా సోకదు. ఒకటే వచ్చినవారికి సోకుతుంది, ముదరడం మాత్రం రెండేళ్ల వరకు ఆలస్యమవుతుంది.

బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడిన టిమతీ రే బ్రౌన్ కథ దీని మీదే నడిచింది. ఆయన లుకేమియా (రక్త క్యాన్సర్) రోగి. రెండు సీసీఆర్5 ప్రతులూ లోపించిన దాత నుంచి తీసుకున్న మూలకణాలను 2007, 2008లలో ఆయనకు ఎక్కించారు. హెచ్‌ఐవీ మళ్లీ కనిపించలేదు. ఆయన 2020లో చనిపోయింది తిరగబెట్టిన లుకేమియాతో.

ఈ జన్యు రూపం ఉత్తర ఐరోపా వారిలో పది మందిలో ఒకరికి పైగా ఒక ప్రతిగా కనిపిస్తుంది. భారతీయుల్లో చాలా అరుదు. గంజాంలోనో కోరాపుట్‌లోనో ఒక మనిషికి వ్యాధి నెమ్మదిగా సాగుతోందంటే కారణం ఇదై ఉండే అవకాశం దాదాపు లేదు. అంతర్జాతీయ వార్తలు చదివి ‘ఆ జీన్ టెస్ట్ చేయించుకోవాలా’ అని అడిగేవారికి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. చూడాల్సింది హెచ్‌ఎల్‌ఏ వైపు.

హెచ్‌ఎల్‌ఏ: కణం బయటికి చూపే కాగితం

జాతీయ రహదారి మీద గిరిసోల చెక్‌గేటు దగ్గర లారీ ఆగితే సరుకంతా కిందికి దింపించరు. డ్రైవర్ కిటికీలోంచి చాచిన కాగితం చూసి పంపించాలో ఆపాలో తేలుస్తారు. ఒంట్లోని కణాలూ ఇదే పని చేస్తుంటాయి. లోపల తయారవుతున్న ప్రొటీన్లను ముక్కలు చేసి, ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) పొడవున్న తునకలను ఉపరితలం మీద పెట్టి చూపుతాయి. ఆ తునకను పట్టుకునే చేయి హెచ్‌ఎల్‌ఏ. తనిఖీ చేసేది సీడీ8 కణం. తునక మనదైతే వదిలేస్తుంది, వైరస్‌దైతే కణాన్ని చంపుతుంది.

ఏ తునక చూపాలన్నది హెచ్‌ఎల్‌ఏ ఆకారాన్ని బట్టి ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ-ఏ, బి, సి అనే మూడు జన్యువుల్లో తల్లి నుంచి ఒక్కోటి, తండ్రి నుంచి ఒక్కోటి చొప్పున ఒక మనిషికి గరిష్ఠంగా ఆరు రకాలు ఉంటాయి. జనాభా మొత్తంలో చూస్తే ఇవి వేల రకాలు. ఒక రకం పట్టుకునే తునకను ఇంకో రకం పట్టుకోలేకపోవచ్చు. ఒకే వైరస్ సోకిన ఇద్దరి ఒళ్లు ఆ వైరస్‌లోని వేర్వేరు తునకలను బయటపెడుతున్నాయన్నమాట.

ఇక్కడి నుంచి విషయం చిక్కబడుతుంది. హెచ్‌ఐవీ తన నకలు తీసుకునేటప్పుడు విపరీతంగా తప్పులు చేస్తుంది. ఆ తప్పులే దానికి రక్ష. సీడీ8 కణాలు ఒక తునకను గుర్తుపడుతుంటే, ఆ తునకలో ఒక అక్షరం మారిన వైరస్ తప్పించుకుని పెరుగుతుంది. మారినందుకు నష్టం లేకపోతే మనిషి ఓడినట్టే. కానీ వైరస్‌లో కొన్ని చోట్ల ఒక్క మార్పు కూడా కుదరదు. వైరస్ జన్యు పదార్థాన్ని కప్పి ఉంచే లోపలి గుల్ల అలాంటిది. పీ24 అనే ఒకే ప్రొటీన్ సుమారు 1,500 ప్రతులుగా ఒకదానికొకటి అతుక్కుంటే ఆ గుల్ల ఏర్పడుతుంది. ఒక్క అతుకు సరిగా కూర్చోకపోయినా వైరస్ బలహీనపడుతుంది.

హెచ్‌ఎల్‌ఏ-బి57, బి27 రకాలకు పేరొచ్చింది ఇందుకే. అవి చూపించే ముఖ్యమైన తునకలు ఈ గుల్లలోవి. బి57 ఉన్న మనిషిలో వైరస్ తప్పించుకోవాలంటే పీ24 భాగంగా ఉండే గాగ్ ప్రొటీన్ 242వ స్థానంలో త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆస్పరజిన్ పెట్టుకోవాల్సి వస్తుంది. పెట్టుకుంటుంది కూడా. అయితే ఆ మార్పుతో అది పెరిగే వేగం తగ్గుతుంది. ఇందుకు సాక్ష్యం తర్వాతి మనిషిలో దొరుకుతుంది. అదే వైరస్ బి57 లేని ఒంట్లోకి వెళితే ఆ స్థానంలో మళ్లీ పాత త్రియోనిన్ వచ్చి చేరుతుంది. ఒత్తిడి పోగానే పాత రూపానికి తిరిగొచ్చిందంటే, మారిన రూపం దానికి భారమనే కదా.

బి27 పేరు ఇక్కడి వాళ్లకు ఇంకో దారిలో తెలిసే ఉంటుంది. నడుము పట్టేసి పొద్దున లేవలేని కుర్రవాళ్లకు ఎముకల డాక్టర్లు రాసే ‘హెచ్‌ఎల్‌ఏ బి27’ పరీక్ష దీనిదే. హెచ్‌ఐవీని నిలువరించే రకమే వెన్నెముక వాపు జబ్బు ముప్పును పెంచుతుంది. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అన్న విభజన నిలబడదని చెప్పడానికి ఇది చాలు.

అటు చివర బి35 ఉంది. అందులోనూ పీఎక్స్ అనే ఉపరకాలు ఉన్నవారికే వ్యాధి త్వరగా ముదురుతుందని 2001లో తేలింది. మామూలు బి35కూ ఒక పీఎక్స్ రకానికీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. తునకను పట్టుకునే గాడిలో ఆ ఒక్క మార్పు ఫలితాన్ని మార్చేస్తోంది. 2010లో మందు లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచే సుమారు వెయ్యి మంది ‘కంట్రోలర్’లనూ, వ్యాధి ముదిరిన 2,600 మందినీ పోల్చిన అంతర్జాతీయ అధ్యయనం మానవ జన్యురాశి మొత్తాన్ని జల్లెడ పట్టింది. గట్టిగా నిలిచిన 300కు పైగా సంకేతాలూ 6వ క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ ప్రాంతంలోనే ఉన్నాయి. ప్రధాన కారణం హెచ్‌ఎల్‌ఏ-బి గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాలని అది తేల్చింది.

హెచ్‌ఎల్‌ఏ చూపేది సీడీ8 కణాలకే కాదు. ఎన్‌కే కణాలు అనే ఇంకో దళం ‘కేఐఆర్’ అనే గ్రాహకాలతో అదే హెచ్‌ఎల్‌ఏను తడుముతుంది. కొన్ని కేఐఆర్, హెచ్‌ఎల్‌ఏ-బి జతలు కలిసినప్పుడు వ్యాధి నెమ్మదించడం 2002 నుంచి తెలిసిందే. యాంటీబాడీల కథ వేరు. ఎన్నో రకాల హెచ్‌ఐవీని అడ్డుకోగల విశాల యాంటీబాడీలు కొద్దిమందిలో ఏళ్ల తర్వాత తయారవుతాయి. అప్పటికే వారి ఒంట్లోని వైరస్ వాటిని దాటిపోయి ఉంటుంది. అవి టీకా పరిశోధనకు పనికొచ్చినంతగా ఆ మనిషికి పనికిరావు.

మేనరికం, దంపతులు, తల్లీబిడ్డలు

సరిహద్దు తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ భాగం ఇక్కడ విడిగా చూడాలి. ఆరు రకాల హెచ్‌ఎల్‌ఏ ఉన్నవారి కంటే, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం వచ్చి నాలుగైదుతోనే సరిపెట్టుకునేవారిలో ఎయిడ్స్ త్వరగా వచ్చిందని 1999లో అమెరికాలో చూపించారు. చూపించే తునకలు తగ్గితే వైరస్ దాటాల్సిన అడ్డంకులూ తగ్గుతాయి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే, పుట్టే బిడ్డకు ఏ జన్యువులోనైనా ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం 16లో ఒకటి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో 8లో ఒకటి.

దీనికి ఇంకో ముఖం ఉంది. భర్త ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న వైరస్ అతని హెచ్‌ఎల్‌ఏను తప్పించుకోవడం నేర్చుకుని ఉంటుంది. భార్యకూ అదే రకం హెచ్‌ఎల్‌ఏ ఉంటే, ఆ వైరస్ ఆమె ఒంట్లో అడుగుపెట్టేటప్పటికే సిద్ధమై వస్తుంది. జాంబియా దంపతుల వివరాలు కూడా ఉన్న 2016 నాటి అధ్యయనం, ఇలా ముందే అలవాటుపడిన వైరస్ సోకినవారిలో సెట్ పాయింట్ ఎక్కువగా, సీడీ4 పతనం వేగంగా ఉండటాన్ని గమనించింది. బావామరదళ్లు ఒక హెచ్‌ఎల్‌ఏ వారసత్వాన్ని పంచుకునే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ, మేనకోడళ్లకు సగానికి సగం. తల్లి నుంచి బిడ్డకు సోకినప్పుడు ఇది ఇంకా స్పష్టం. బిడ్డ హెచ్‌ఎల్‌ఏలో సగం తల్లిదే. బి27 ఉన్న తల్లి నుంచి తప్పించుకున్న వైరస్ వస్తే, బిడ్డకు బి27 ఉండీ ఉపయోగం లేకపోవడాన్ని 2001లోనే చూశారు.

ఇవి సంభావ్యతలే. ఒక ఇంట్లో ఒకరికి జబ్బు ముదరడానికి మేనరికమే కారణమని వేలు చూపడం అన్యాయం. ఆలస్యంగా దొరికిన టీబీ ఒక్కటే ఇంతకంటే ఎన్నో రెట్లు నష్టం చేస్తుంది.

ఎదురుదాడే కీడైనప్పుడు

రోగనిరోధక శక్తి ఎంత బలంగా స్పందిస్తే అంత మంచిదన్న నమ్మకం బలంగా ఉంది. హెచ్‌ఐవీ విషయంలో ఇది సగమే నిజం. పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబీ కోతుల్లో హెచ్‌ఐవీకి దాయాది వరస అయిన ఎస్‌ఐవీ ఉంటుంది. రక్తంలో వైరస్ మోతాదు ఎక్కువగానే ఉన్నా వాటికి ఎయిడ్స్ రాదు. అదే వైరస్ ఆసియా కోతులైన రీసస్‌లకు సోకితే ఎయిడ్స్ వచ్చి చనిపోతాయి. మాంగబీలు వైరస్‌ను చంపడంలో దిట్టలేమీ కావు. తొలి వారాలు దాటాక వాటి రోగనిరోధక వ్యవస్థ చల్లబడుతుంది. రీసస్‌లలోనూ మనుషుల్లోనూ అది ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది.

రగలడానికి ఇంధనం పేగుల్లో ఉంది. అక్కడి సీడీ4 కణాలు పోయాక గోడ పలచబడి, బాక్టీరియా పదార్థాలు రక్తంలోకి ఊరుతుంటాయి. ఈ సంగతి 2006లో గట్టిగా రుజువైంది. వాటికి స్పందించి టీ కణాలు మళ్లీమళ్లీ ఉత్తేజితమవుతాయి. ఉత్తేజితమైన సీడీ4 కణం హెచ్‌ఐవీకి ఇంకా సులువైన ఎర. ఇటు సీడీ8 కణాలు ఏళ్ల పోరుతో అలిసిపోయి, పీడీ-1 అనే గుర్తు వేసుకుని చురుకు కోల్పోతాయి.

భార్యాభర్తల రిపోర్టుల తేడాకు ఒక జవాబు ఈ దారిలోనే ఉంది. సోకిన తొలి ఏళ్లలో ఆడవారి రక్తంలో వైరస్ మగవారి కంటే తక్కువగా ఉంటుంది. అయినా ఎయిడ్స్ వచ్చే వేగం ఇద్దరిలో దాదాపు సమానం. ఒకే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) దగ్గర పోలిస్తే ఆడవారిలో రోగనిరోధక ఉత్తేజం ఎక్కువ. వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్7 అనే ప్రొటీన్‌కు వారిలో స్పందన గట్టిగా ఉండటం ఇందుకు ఒక కారణం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. కాబట్టి వైరల్ లోడ్ అంకె తక్కువగా ఉందని ఆమెకు ధీమా ఇవ్వడం సరికాదు.

వయసు ప్రభావం వీటన్నిటికంటే మొరటుగా కనిపిస్తుంది. మందులు రాని కాలపు పాశ్చాత్య లెక్కల్లో 15 నుంచి 24 ఏళ్ల మధ్య సోకినవారు సగటున పన్నెండేళ్లకు పైగా బతికితే, 45 నుంచి 54 మధ్య సోకినవారు ఎనిమిదేళ్ల దగ్గరే ఆగారు. చికిత్స అందని పసిపిల్లల సంగతి ఇంకా దారుణం. ఆఫ్రికా లెక్కల్లో సగం మంది రెండేళ్లు నిండకుండానే చనిపోయారు.

వైరస్ కూడా ఒక్కటి కాదు

మనిషి జన్యువుల మీదే చూపు నిలిపితే సగం బొమ్మ తప్పిపోతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒకే దాత రక్తం ఎక్కించుకున్న ఎనిమిది మందికి హెచ్‌ఐవీ సోకింది. దాతతో సహా వారిలో ఏళ్లు గడిచినా జబ్బు చాలా నెమ్మదిగా సాగింది. ఇంతమందికి ఒకేసారి మంచి హెచ్‌ఎల్‌ఏ ఎలా కుదిరింది? కుదరలేదు. ఆ వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో కొంత భాగం ఊడిపోయి ఉందని 1995లో కనుగొన్నారు. కణం మీది హెచ్‌ఎల్‌ఏ-ఏ, బిలను లోపలికి లాగేసి తనిఖీ నుంచి తప్పించుకోవడం నెఫ్ పనుల్లో ఒకటి. ఆ పనిముట్టు లేని వైరస్ చతికిలపడింది. దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ 2022లో నెదర్లాండ్స్‌లో బయటపడిన వీబీ రకం. అది సోకినవారిలో సీడీ4 తరుగుదల రెట్టింపు వేగంతో సాగింది.

భారత్‌లో 90 శాతానికి పైగా ఇన్‌ఫెక్షన్లు ‘సబ్‌టైప్ సి’ అనే వైరస్ ఉపరకానివి. జన్యు పరిశోధనల్లో పాతవి ఎక్కువగా సబ్‌టైప్ బి సోకిన తెల్లజాతి మగవారి మీద జరిగినవి. అక్కడి అంకెలను ఇక్కడికి యథాతథంగా దించుకోకూడదు. హెచ్‌ఐవీ-2 అనే రెండో జాతి కూడా మన దేశంలో కొద్ది సంఖ్యలో ఉంది. అది చాలా నెమ్మదిగా ముదురుతుంది, నెవిరపిన్, ఎఫవిరెంజ్ తరగతి మందులకు లొంగదు. ‘మాత్ర మింగకుండా నిక్షేపంగా ఉన్న’ ఫలానా ఆయనకు సోకింది అదీ కావచ్చు.

కొండ జిల్లాల తోడు జబ్బులు

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరిలలో రక్తం, జన్యువు అంటే జనానికి ముందు గుర్తొచ్చేది సికిల్ సెల్. 2023లో జాతీయ మిషన్ మొదలయ్యాక పరీక్షలు ఊరూరికీ చేరుతున్నాయి. ఆ పరీక్ష ఒక్క జన్యువును చూసి జబ్బు ఉందో, వాహకులో, ఏదీ కాదో కచ్చితంగా చెబుతుంది. హెచ్‌ఐవీ విషయంలో ఏ జన్యు పరీక్షా అలా తీర్పు చెప్పదు. బి57 ఉన్నవారిలోనూ ఎక్కువమందికి చికిత్స లేకపోతే చివరికి జబ్బు ముదురుతుంది.

ఈ జిల్లాల్లో వేగాన్ని పెంచేవి ఇంకా ఉన్నాయి. మలావీలో 2005లో జరిగిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్లకు మలేరియా జ్వరం వచ్చినప్పుడు వైరల్ లోడ్ దాదాపు రెట్టింపై, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు దిగింది. ఒక జ్వరంతో పెద్ద నష్టం ఉండదు. ఏటా రెండు మూడుసార్లు వస్తే వేరే సంగతి. ఒడిశా 2017 నుంచి ‘దమన్’ పేరుతో మారుమూల గ్రామాల్లో మలేరియా మీద చేస్తున్న పని హెచ్‌ఐవీ ఉన్నవారికీ మేలు చేసేదే.

టీబీ బరువు ఇంకా ఎక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు లేనివారికంటే పది రెట్ల పైమాటే. టీబీ క్రిమి రగిల్చే వాపులో హెచ్‌ఐవీ ఇంకా వేగంగా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. భార్య కౌంట్ 180 ఉన్న ఇంట్లో హెచ్‌ఎల్‌ఏ గురించి ఆలోచించే ముందు కఫం పరీక్ష అయిందో లేదో చూడాలి. దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, జ్వరం... ఏఆర్‌టీ సెంటర్లో ప్రతిసారీ అడిగే ఆ నాలుగు ప్రశ్నలు మొక్కుబడివి కావు.

మందు వచ్చాక జన్యువుల మాట

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మొదట్లో సీడీ4 కౌంట్ ఒక గీత కిందికి పడ్డాకే మందిచ్చేవారు. కాబట్టి ఎవరి కౌంట్ ఎంత వేగంగా పడుతుందన్నది అప్పట్లో రోగి జీవితాన్ని నేరుగా శాసించేది. 2015లో వెలువడిన స్టార్ట్ అధ్యయనం ఆ లెక్క మార్చింది. కౌంట్ 500 పైన ఉండగానే మందు మొదలుపెట్టినవారిలో తీవ్ర అనారోగ్యం, మరణాల ముప్పు 57 శాతం తగ్గింది. 2017 నుంచి భారత్‌లోనూ కౌంట్‌తో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు.

డోలుటెగ్రవిర్ ఉన్న ఇప్పటి మాత్ర వైరస్ నకళ్లు తీయడాన్నే ఆపుతుంది. బి57 ఉన్నా బి35 ఉన్నా మాత్ర వేసుకునే మనిషిలో కొన్ని నెలల్లో వైరస్ పరీక్షకు అందనంత తగ్గుతుంది. చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం, ముందుగా మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో చూపింది.

మందు లేకుండానే వైరస్ పరీక్షకు అందని ‘ఎలైట్ కంట్రోలర్లు’ సోకినవారిలో ఒక శాతం కూడా ఉండరు. వారిలోనూ వాపు సూచికలు హెచ్‌ఐవీ లేనివారికంటే ఎక్కువగానే ఉంటాయి, గుండె జబ్బుల బెడద ఉంటుంది. కొందరికి ఏళ్ల తర్వాత ఆ పట్టు సడలుతుంది. వైరల్ లోడ్ పరీక్ష చేయించకుండా, పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నారని ఎవరినీ ఆ కోవలో చేర్చలేం.

చికిత్సలో హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు నిజంగా పని పడే సందర్భం ఒకటుంది. బి57లో ఒక ఉపరకమైన బి57:01 ఉన్నవారికి అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు ఇస్తే తీవ్రమైన, ఒక్కోసారి ప్రాణం తీసే రియాక్షన్ రావచ్చు. ఈ రకం భారతీయుల్లో అరుదేమీ కాదు. వైరస్‌ను అదుపు చేయడంలో పేరున్న జన్యువే ఈ మందుకు పగ. అబాకవిర్ మొదలైన తొలి వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం కలిసి వస్తే వెంటనే సెంటర్‌కు వెళ్లాలి. ఆ రియాక్షన్ వచ్చి ఆపిన మందును తిరిగి ఎప్పటికీ వేసుకోకూడదు. రెండోసారి అది మరింత ఉగ్రంగా వస్తుంది.

ఇక సూరత్ రైలెక్కేవారి సంగతి. మందు ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో వైరస్ తిరిగి లేస్తుంది. లేచి దాదాపు పాత సెట్ పాయింట్ దగ్గరికే చేరుతుంది. అంటే మందు మానిన ప్రతిసారీ హెచ్‌ఎల్‌ఏ, వయసు, పేగు గోడ, వైరస్ రకం అన్నీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. కౌంట్ బాగుందని మధ్యలో మందు ఆపి చూసిన స్మార్ట్ అధ్యయనంలో, ఆపినవారిలో అవకాశవాద జబ్బులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దాడి చేసేవి), మరణాలు కలిపి రెండున్నర రెట్లు పెరిగాయి. ఈ ఫలితం 2006లోనే వచ్చింది. స్థిరంగా ఉన్నవారికి ఒకేసారి కొన్ని నెలల మాత్రలిచ్చే ఏర్పాటు ఉంది. ఎక్కువ కాలం బయట ఉండేవారు సొంత సెంటర్ నుంచి ట్రాన్స్‌ఫర్ తీసుకుంటే పని చేసే ఊళ్లోని ఏఆర్‌టీ సెంటర్లోనే ఉచితంగా మందు అందుతుంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తనకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి యజమానికి చెప్పాల్సిన పని లేదు, చెప్పమని అడిగే హక్కు అతనికీ లేదు.